నూట రెండు ఓటముల యజమాని

అమెరికా బేస్‌బాల్ కథ – 17వ భాగం

1948లో క్లీవ్‌లండ్ జట్టు ప్రపంచ ఛాంపియన్ అయిన వైనం గత భాగంలో చెప్పుకున్నాం. ఆ ఏడాది ఒక్క క్లీవ్‌లండ్ మైదానానికే 26 లక్షల మంది పైచిలుకు జనం వచ్చారు. వాళ్లను రప్పించిన యజమాని బిల్ వీక్ మరుసటి ఏడాదే జట్టును అమ్మేసి తప్పుకున్నాడు. భార్యతో విడాకులయ్యాయి, ఆస్తి పంపకానికి డబ్బు కావాలి. అంతటితో బేస్‌బాల్‌కు అతను దూరమైనట్టేనని చాలామంది అనుకున్నారు. రెండేళ్లు తిరక్కముందే, 1951 జూలై మొదటి వారంలో, మళ్లీ ఒక జట్టు కొన్నాడు. ఈసారి కొన్నది అమెరికన్ లీగ్‌లో అందరికన్నా అడుగున ఉన్న సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌ను.

ఆ సీజన్ ముగిసేసరికి బ్రౌన్స్ 154 మ్యాచ్‌ల్లో 52 గెలిచి 102 ఓడింది. ఎనిమిది జట్ల లీగులో ఎనిమిదో స్థానం. అగ్రస్థానంలో నిలిచిన న్యూయార్క్ యాంకీస్ గెలిచినవి 98. ఇంత ఘోరంగా ఓడిన జట్లు సాధారణంగా రికార్డు పుస్తకంలో ఒక వరసగా మిగిలిపోతాయి. 1951 నాటి బ్రౌన్స్ మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా కథలు కథలుగా బతికే ఉంది. ఆ కథలు విని నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. వాటి వెనక వీక్ వేసుకున్న లెక్కను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఈ భాగంలో ఆ లెక్క చూద్దాం.

అద్దెకొచ్చినవాళ్లే గెలిచారు

బ్రౌన్స్ పుట్టింది మిల్వాకీలో, 1901లో. ఏడాదికే మిసిసిపీ నది ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్‌కు మకాం మార్చింది. ఆ ఊరు బూట్ల తయారీకీ బీరుకూ పేరుమోసింది. బూట్లలో ముందు, మందులో ముందు, అమెరికన్ లీగ్‌లో మాత్రం చివర అని ఊరివాళ్లే తమ జట్టు మీద జోకులేసుకునేవాళ్లు.

అదే ఊళ్లో నేషనల్ లీగ్ జట్టు కార్డినల్స్ కూడా ఉంది. తొలి రోజుల్లో దాని పరిస్థితి బ్రౌన్స్ కన్నా అధ్వానం. బ్రాంచ్ రికీ అనే తెలివైన నిర్వాహకుడు అప్పట్లో బ్రౌన్స్ దగ్గరే ఉండేవాడు. 1916 సీజన్‌కు ముందు బ్రౌన్స్‌ను కొన్న ఫిల్ బాల్‌కు రికీతో పొసగలేదు. 1917లో రికీ కార్డినల్స్‌కు వెళ్లిపోయాడు. 1920లో బాల్ రెండో పొరపాటు చేశాడు. తన స్పోర్ట్స్‌మన్స్ పార్కులో ఆడుకోవడానికి కార్డినల్స్‌ను అద్దెకు రానిచ్చాడు. తమ పాత మైదానంతో ఇక పని లేకపోవడంతో కార్డినల్స్ దాన్ని అమ్మేసింది. ఆ డబ్బుతో రికీ చిన్న లీగుల్లో జట్లను కొని, కుర్రాళ్లను అక్కడే తయారు చేసుకునే పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాతి రోజుల్లో అమెరికా బేస్‌బాల్ అంతా నడిచింది ఆ పద్ధతిలోనే.

1922లో జార్జ్ సిస్లర్ .420 సగటుతో బ్యాటింగ్ చేసినా, బ్రౌన్స్ ఒక్క మ్యాచ్ తేడాతో లీగ్ టైటిల్‌ను యాంకీస్‌కు వదులుకుంది. ఇక గెలుపు దగ్గర్లోనే ఉందన్న ఆశతో బాల్ బోలెడు డబ్బు పోసి స్టేడియాన్ని పెంచాడు. 1926లో అక్కడ ప్రపంచ సిరీస్ జరిగిన మాట నిజమే. ఆడి గెలిచింది మాత్రం కార్డినల్స్. అప్పటి నుంచి 1946 దాకా కార్డినల్స్ తొమ్మిది లీగ్ టైటిళ్లు, ఆరు ప్రపంచ సిరీస్‌లు గెలుచుకుంది. బ్రౌన్స్ ఖాతాలో పడింది ఒకే ఒక్క లీగ్ టైటిల్. అది 1944లో, మంచి ఆటగాళ్లు చాలామంది యుద్ధంలో ఉన్నప్పుడు వచ్చింది. ఆ ఏడాది ప్రపంచ సిరీస్‌లో ఎదురుపడింది కూడా కార్డినల్సే. మ్యాచ్‌లన్నీ బ్రౌన్స్ సొంత మైదానంలోనే జరిగాయి. 4–2 తేడాతో గెలిచింది అద్దెకున్న జట్టే.

ఓడే జట్టును చూడ్డానికి జనం రారు. 1935లో సీజన్ మొత్తానికి వచ్చిన ప్రేక్షకులు 80,922 మంది. అంటే ఇంటి మ్యాచ్‌కు సగటున వెయ్యి మంది చిల్లర. జనం రాకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే మంచి ఆటగాళ్లను నిలబెట్టుకోలేరు. 1947 నవంబరులో వెర్న్ స్టీఫెన్స్‌నూ జాక్ క్రేమర్‌నూ మూడు లక్షల డాలర్ల పైచిలుకుకు బోస్టన్ రెడ్ సాక్స్‌కు అమ్మేశారు. విత్తనపు గింజలు వండుకు తిన్న రైతు పరిస్థితే ఆ తర్వాత బ్రౌన్స్‌ది. 1949లో స్టీఫెన్స్ బోస్టన్ తరఫున తన బ్యాటుతో 159 పరుగులు రాబట్టి, టెడ్ విలియమ్స్‌తో సమానంగా లీగులోనే మొదటి స్థానంలో నిలిచాడు.

1949లో పగ్గాలు పట్టిన డెవిట్ సోదరులు, బిల్, చార్లీ, ఆటగాళ్లలో ఓటమి భయం పోగొట్టాలని 1950లో ఒక హిప్నాటిస్టును కూడా పెట్టి చూశారు. ఆ ఏడాది జట్టు 96 మ్యాచ్‌లు ఓడింది. హిప్నాటిస్టు సీజన్ మధ్యలోకి రాకముందే వెళ్లిపోయాడు. ఆ మరుసటి వేసవిలోనే జట్టు వీక్ చేతికొచ్చింది.

వీక్ లెక్క ఏమిటి?

అప్పటికి వీక్‌కు 37 ఏళ్లు. తండ్రి చికాగో కబ్స్ జట్టుకు అధ్యక్షుడిగా పనిచేశాడు. కొడుకు బేస్‌బాల్ మైదానంలోనే పెరిగాడు. చికాగోలోని రిగ్లీ ఫీల్డ్ గోడల మీద ఈ రోజుకీ పచ్చగా పాకి ఉన్న తీగలను 1937లో నాటించింది ఇతనే. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ సైనికుడిగా పసిఫిక్‌లోని బూగన్‌విల్ దీవికి వెళ్లినప్పుడు ఫిరంగి వెనక్కి తన్ని కాలు చితికింది. 1946లో ఆ కాలు తీసేశారు. తర్వాత పెట్టుకున్న కొయ్యకాలికి చిన్న గుంట తొలిపించి, సిగరెట్ బూడిద అందులోనే రాల్చేవాడు. మెడకు టై కట్టేవాడు కాదు. 1947 జూలైలో అమెరికన్ లీగ్‌కు తొలి నల్లజాతి ఆటగాడు ల్యారీ డోబీని తెచ్చింది ఇతనే.

ఇలాంటి మనిషి బ్రౌన్స్‌ను ఎందుకు కొన్నాడు? సెయింట్ లూయిస్ రెండు జట్లను పోషించగల ఊరు కాదు. ఎవరో ఒకరు ఊరు వదలాల్సిందే. స్టేడియం బ్రౌన్స్‌ది. కార్డినల్స్ యజమాని ఫ్రెడ్ సైగ్ పెద్ద ధనవంతుడేమీ కాదు. కొన్నాళ్లు జనాన్ని తనవైపు తిప్పుకోగలిగితే అద్దెకున్న జట్టే ఊరు వదిలి పోతుందని వీక్ నమ్మాడు. జట్టు గెలవాలంటే ఏళ్లు పడుతుంది. జనాన్ని మాత్రం రేపటి నుంచే రప్పించవచ్చు. అందుకే మొదట జనం, తర్వాత గెలుపు అన్న వరస పెట్టుకున్నాడు.

స్టేడియంలోనే ఒక ఇల్లు కట్టించుకుని రెండో భార్యతో అక్కడే కాపురం పెట్టాడు. మ్యాచ్ జరుగుతుంటే ఖరీదైన సీట్లు వదిలేసి, చవక టికెట్ల వాళ్ల మధ్య కూర్చుని వాళ్ల ఫిర్యాదులు వినేవాడు. తొలి రోజుల్లోనే వచ్చినవాళ్లందరికీ తన ఖర్చుతో బీరో కూల్‌డ్రింకో ఇప్పించాడు.

అదే జూలైలో సాచెల్ పేజ్‌ను పిలిపించాడు. నీగ్రో లీగుల్లో రెండు దశాబ్దాలు పేరు మోగించిన పిచర్ పేజ్. వర్ణవివక్ష గోడ కూలాకే, అంటే నలభై రెండేళ్ల వయసులో, పెద్ద లీగులో అడుగుపెట్టాడు. అప్పుడు క్లీవ్‌లండ్‌కు తీసుకున్నదీ వీకే. ఇప్పుడతనికి 45. తన వంతు వచ్చేదాకా కూర్చోడానికి మైదానం పక్కన అతనికో ఊగే కుర్చీ వేయించారు. జనం ఆ కుర్చీని చూడ్డానికే వచ్చారంటే అతిశయోక్తి కాదు. అయితే పేజ్ తెచ్చిన సందడిలో ఇంకో సంగతి మరుగున పడకూడదు. 1944 దాకా ఈ స్పోర్ట్స్‌మన్స్ పార్కులోనే నల్లవాళ్లకు సీట్లు వేరుగా ఉండేవి. పెద్ద లీగుల స్టేడియాల్లో ఆ వివక్షను ఆఖరున వదిలింది ఇదే. ఏడేళ్ల తర్వాత అదే మైదానంలో అందరి చూపూ ఒక నల్లజాతి పిచర్ మీద ఉంది. ఆ సీజన్‌లో పేజ్ గెలిచింది మూడు మ్యాచ్‌లే. మరుసటి ఏడాది పన్నెండు గెలిచి, లీగ్ ఆల్ స్టార్ జట్టులోకి ఎంపికయ్యాడు.

కేకులోంచి వచ్చిన బ్యాటర్

1951 ఆగస్టు 19, ఆదివారం. డెట్రాయిట్ టైగర్స్‌తో ఒకే టికెట్ మీద వరసగా రెండు మ్యాచ్‌లు. అమెరికన్ లీగ్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భమని, రేడియో ప్రసారాలకు డబ్బు పెట్టే ఫాల్‌స్టాఫ్ బీరు కంపెనీ వేడుక కూడా కలిసొస్తుందని వీక్ ఊరంతా ప్రచారం చేశాడు. కనీవినీ ఎరగని వింత చూపిస్తానని కంపెనీవాళ్లకు మాటిచ్చాడు గానీ, అదేమిటో చెప్పలేదు. 18,369 మంది వచ్చారు. బ్రౌన్స్ మ్యాచ్‌కు అది పెద్ద జాతరే.

మొదటి మ్యాచ్ బ్రౌన్స్ ఓడింది. విరామంలో ఆటగాళ్లే వాద్యగాళ్లయ్యారు, పేజ్ డ్రమ్ములు వాయించాడు. చివర్లో కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద కేకు మైదానంలోకి వచ్చింది. దాన్ని చీల్చుకుని బ్రౌన్స్ దుస్తుల్లో ఒక చిన్న మనిషి బయటికొచ్చాడు. పేరు ఎడీ గెడెల్, వయసు 26, ఊరు చికాగో, ఎత్తు 3 అడుగుల 7 అంగుళాలు. వీపు మీద నంబరు 1/8. వింత అంటే ఇంతేనా అని బీరు కంపెనీవాళ్లు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు.

అసలు వింత రెండో మ్యాచ్‌లో మొదలైంది. బ్రౌన్స్ బ్యాటింగ్ మొదలవగానే మొదటి బ్యాటర్ ఫ్రాంక్ సోషే బదులు గెడెల్ మూడు చిన్న బ్యాట్లు ఊపుకుంటూ వచ్చాడు. అంపైర్ ఎడ్ హర్లీ ఆపాడు. బ్రౌన్స్ మేనేజర్ జాక్ టేలర్ జేబులోంచి సంతకాలు చేసిన ఒప్పంద పత్రం తీసి చూపించాడు. మ్యాచ్‌కు వంద డాలర్ల లెక్కన గెడెల్ ఆ జట్టు ఆటగాడే. అంపైర్‌కు ఒప్పుకోక తప్పలేదు.

అప్పటి బేస్‌బాల్ నిబంధన ప్రకారం, బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి ప్లేటు మీదుగా, అతని చంకలకూ మోకాళ్లకూ మధ్య వెళ్తేనే స్ట్రైక్. అలా వదిలేసిన బంతులు నాలుగు ఆ పరిధి దాటి పడితే బ్యాటర్ దర్జాగా మొదటి బేస్‌కు నడిచి వెళ్లొచ్చు. దాన్నే వాక్ అంటారు. గెడెల్ వంగి నిలబడితే ఆ పరిధి అంగుళంన్నర ఉంటుందని వీక్ కొలుచుకున్నాడట. బ్యాటు ఊపావో, పైకప్పు మీద తుపాకీతో నేనే ఉంటానని ముందే బెదిరించానని కూడా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

డెట్రాయిట్ క్యాచర్ బాబ్ స్విఫ్ట్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిచర్ బాబ్ కేన్‌కు నవ్వు ఆగడం లేదు. బంతి తర్వాత బంతి, నాలుగూ ఎత్తుగానే పోయాయి. గెడెల్ మధ్యమధ్య ఆగి జనానికి వంగి దండాలు పెడుతూ మొదటి బేస్ చేరాడు. అతని స్థానంలో పరుగెత్తడానికి జిమ్ డెల్సింగ్ వచ్చాడు. గెడెల్ క్రీడా జీవితం అక్కడితో ముగిసింది. ఆ ఇన్నింగ్స్‌లో బ్రౌన్స్‌కు పరుగు రాలేదు. రెండో మ్యాచ్ కూడా 6–2తో పోయింది.

మర్నాడు లీగ్ అధ్యక్షుడు విల్ హారిడ్జ్ ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. ఇది ఆటకు అవమానమని పెద్దలు మండిపడ్డారు. వీక్ ఊరుకోలేదు. ఆటగాడికి కనీసం ఎంత ఎత్తుండాలో నిబంధనల్లో ఎక్కడుందో చూపించమన్నాడు. యాంకీస్ షార్ట్‌స్టాప్ ఫిల్ రిజుటో అయిదడుగుల ఆరంగుళాలే కదా, అతన్ని ఏ లెక్కలో వేస్తారని ఎదురడిగాడు.

ఇందులో నవ్వుకోలేని వైపూ ఒకటుంది. ఒక మనిషి పొట్టితనాన్ని టికెట్ల అమ్మకానికి వాడుకున్న సంగతిని ఏ హాస్యమూ కప్పలేదు. గెడెల్ యుద్ధకాలంలో విమానాల రెక్కల లోపలికి దూరి రివెట్లు బిగించే పని చేసినవాడు. మైదానంలో ఆ కాసేపు తనకు గర్వంగానే అనిపించిందని చెప్పేవాడు. 1961లో ఎవరో కొట్టిన దెబ్బలకు చికాగోలో చనిపోయాడు. అప్పటికి వయసు 36. అంత్యక్రియలకు బేస్‌బాల్ లోకం నుంచి వెళ్లింది ఒక్కడే, ఆ నాలుగు బంతులు విసిరిన బాబ్ కేన్.

ప్రేక్షకులే మేనేజర్లు

గెడెల్ గొడవ చల్లారకముందే, అయిదు రోజులకు, ఆగస్టు 24న వీక్ ఇంకో ప్రయోగం చేశాడు. నా ఉద్దేశంలో గెడెల్ కథ కన్నా చరిత్రలో ఎక్కువ చోటు దక్కాల్సింది దీనికే. ఆ రోజు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌తో మ్యాచ్. ఎవరిని ఆడించాలో స్థానిక పత్రికలో అచ్చైన బ్యాలెట్ల ద్వారా అభిమానులే తేల్చారు. ఓటు పంపినవాళ్లలో వెయ్యి మందికి పైగా ఒకేచోట కూర్చుని, ‘అవును’, ‘కాదు’ అట్టలు పట్టుకున్నారు. కీలక సమయం వచ్చినప్పుడల్లా జట్టు సిబ్బంది ఒక ప్రశ్న రాసిన బోర్డు ఎత్తుతారు: పిచర్‌ను మార్చాలా? ఫీల్డర్లు ముందుకు రావాలా? జనం అట్టలెత్తుతారు. ఎక్కువమంది ఏది చెబితే మైదానంలో అదే.

మేనేజర్ జాక్ టేలర్ చెప్పులేసుకుని ఊగే కుర్చీలో కూర్చుని తమాషా చూశాడు. అట్ట పట్టుకున్నవాళ్లలో 88 ఏళ్ల కోనీ మాక్ కూడా ఉన్నాడు. అథ్లెటిక్స్‌ను యాభై ఏళ్లు మేనేజరుగా నడిపి అంతకు ముందు ఏడాదే తప్పుకున్న పెద్దమనిషి ఆయన. జనం పట్టుబట్టి ఆడించిన క్యాచర్ షెర్మ్ లోలార్ హోమ్ రన్ కొట్టాడు. బ్రౌన్స్ 5–3తో గెలిచింది, వరస ఓటములకు ఆ రోజు తెరపడింది.

ఆ మ్యాచ్‌కు వచ్చింది నాలుగు వేల లోపు మందే. సంఖ్య చిన్నది, ఆలోచన చిన్నది కాదు. అభిమాని టికెట్ కొని, కూర్చుని, చప్పట్లు కొట్టి వెళ్లిపోతే చాలనుకునే యజమానుల కాలం అది. నిర్ణయాల్లో అతనికి వాటా ఇస్తే ఓడే జట్టైనా తనదనుకుంటాడని వీక్ గ్రహించాడు.

గార్వర్ ఒక్కడే ఒక ఎత్తు

ఇంత గోలలో నిజంగా బేస్‌బాల్ ఆడినవాడు పిచర్ నెడ్ గార్వర్. అభిమానుల ఓటుతో గెలిచిన ఆ మ్యాచ్‌లోనూ బంతులు విసిరింది ఇతనే. జూలైలో ఆల్ స్టార్ మ్యాచ్‌కు అమెరికన్ లీగ్ తరఫున మొదటి బంతి విసిరే గౌరవం ఈ అట్టడుగు జట్టు పిచర్‌కే దక్కింది. సీజన్ చివరి రోజు, సెప్టెంబరు 30న, చికాగో వైట్ సాక్స్ మీద తనే ఒక హోమ్ రన్ కూడా కొట్టి ఇరవయ్యో విజయం అందుకున్నాడు. ఆ రోజుల్లో పిచర్లు బ్యాటింగ్‌లో తేలిపోవడమే మామూలు. గార్వర్ సగటు .305.

జట్టు గెలిచిన 52లో ఒక్కడి ఖాతాలో 20. అంటే ప్రతి పది గెలుపుల్లో దాదాపు నాలుగు. అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఓట్లలో యోగీ బెర్రా తర్వాత రెండో స్థానం ఇతనిదే. బెర్రా ఆడింది ఛాంపియన్ యాంకీస్‌కు, గార్వర్ ఆడింది ఆఖరి జట్టుకు. జట్లు తారుమారై ఉంటే ఓట్లు కూడా తారుమారయ్యేవని నా నమ్మకం.

లెక్క తేల్చితే

1950లో 2,47,131 మంది వచ్చిన మైదానానికి 1951లో 2,93,790 మంది వచ్చారు. వీక్ చేతిలో ఉన్నది సగం సీజనే, పైగా జట్టు అంతకు ముందు ఏడాది కన్నా ఆరు మ్యాచ్‌లు ఎక్కువే ఓడింది. అయినా జనం పెరిగారు. 1952లో ఆ సంఖ్య 5,18,796కు చేరింది. రెండేళ్లలో రెట్టింపు దాటింది. వీక్ చేసినవి కోతిచేష్టలని కొట్టిపారేసినవాళ్లకు ఈ అంకెలే సమాధానం.

కానీ ఈ అంకెల్లోనే అతని ఓటమి కూడా ఉంది. 1951లో కార్డినల్స్ చూడ్డానికి అదే మైదానానికి పది లక్షల మంది పైగా వచ్చారు. ఎంత పెరిగినా బ్రౌన్స్ జనం అందులో మూడో వంతుకు తక్కువే. తేడా పూడ్చాలంటే ఇంకా అయిదారేళ్లు నష్టాలు భరించే డబ్బుండాలి, ఎదుటివాడు అప్పటికి అలసిపోవాలి, తోటి యజమానులు కాస్త సహకరించాలి. మొదటిది వీక్ దగ్గర లేదు. మూడోది అతను తనే పోగొట్టుకున్నాడు. పెద్దమనుషులను వెక్కిరించి జనాన్ని నవ్వించినవాడు, తర్వాత అదే పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి టీవీ ప్రసారాల డబ్బులో వాటా అడగాల్సి వచ్చింది. లీగులో ఏది మారాలన్నా ఓటు వాళ్లది. ప్రేక్షకులను మెప్పించడంలో వీక్‌ను మించినవాడు ఆ కాలంలో లేడు. ఆ ఎనిమిది మంది యజమానుల సమావేశంలో మాత్రం అతనికి మిత్రులు లేకుండా పోయారు. బ్రౌన్స్ భవిష్యత్తును తేల్చింది 102 ఓటములు కాదు, ఆ గదిలో పడిన ఓట్లు.

ఇక మిగిలిన షరతు, అంటే ఎదుటివాడు అలసిపోవడం, వీక్ ఆశించినట్టే జరిగింది. పన్ను ఎగవేత కేసులో దొరికి ఫ్రెడ్ సైగ్ 1953లో కార్డినల్స్‌ను అమ్మక తప్పలేదు. అయితే కొన్నది ఎవరో తెలిసేసరికి వీక్ పందెం ఓడిపోయానని ఒప్పుకున్నాడు. ఆ కొనుగోలుదారు కథ, బ్రౌన్స్ ఊరు వదిలిన కథ వచ్చే భాగంలో.

(సశేషం)